వెబ్‌సైటుగారికి శాలువా

"వార్చిన అన్నంలో చక్కెర ఉండదే కాత్యాయనీ! గంజితోపాటే పోతుంది. నా సొంత కవిత్వం కాదిది, డాక్టరు చెప్పాడు," అంది మాణిక్యమ్మ, మారు వడ్డన కోసం కంచం కోడలి వైపు జరుపుతూ.

"ఏ డాక్టరు అత్తయ్యా?"

"ఫోన్లో డాక్టరు. తెల్లకోటు వేసుకున్నాడు. మెళ్లో గొట్టం కూడా ఉంది."

"గొట్టం నా మెళ్లోనూ ఉంటుందమ్మా. దాంతో నేను గేదెల్ని చూస్తాను," అన్నాడు ప్రకాశరావు మజ్జిగ పోసుకుంటూ. ఆయన ఆ ఊరి పశువుల ఆసుపత్రిలో డాక్టరు.

"నువ్వు గేదెల్ని చూస్తే లోకంలో డాక్టర్లంతా గేదెల్నే చూడాలేంట్రా?"

ఈ తగాదా వారం మొదట్లో పుట్టి, ఆ పూటకి బాగా ముదిరింది. ఈలోపు కుక్కరు అటక ఎక్కింది, గంజి వార్చే గిన్నె దిగింది. అన్నం వార్చేసరికి కాత్యాయనికి కాలేజీ బస్సు రెండుసార్లు తప్పిపోయింది. ఇంటర్ చదువుతున్న హారిక ఏ తగాదాలోనైనా నాన్నమ్మ పక్షమే. ఫోను విషయంలో నాన్నమ్మ ఎప్పుడూ తన పక్షం కాబట్టి ఆ మాత్రం కృతజ్ఞత ఉండాలని దాని ఉద్దేశం.

"రాసిందెవరు? ఎప్పుడు రాశారు? రాసినందుకు వాళ్లకేం ముడుతుంది? అదే మాట ఇంకెవరైనా అంటున్నారా? ఇవి చూసుకోకుండా ఎలా నమ్ముతారు అత్తయ్యా?" అంది కాత్యాయని.

"ఇదిగో, కాలేజీలో పాఠం చాల్లేదు, వంటింట్లో కూడా మొదలెట్టింది," అంది మాణిక్యమ్మ మనవరాలితో. అని, కంచం ఇంకాస్త ముందుకు జరిపింది.

మాణిక్యమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. అది నిజంగా పాఠమే. వాణీ మహిళా డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పే కాత్యాయనికి ఆ ఏడు కొత్త పాఠం ఒకటి అప్పగించారు. ప్రాజెక్టులు రాసే పిల్లలు ఏ వెబ్‌సైటును నమ్మవచ్చో, దేన్ని నమ్మకూడదో నిర్ధారించుకోవడం నేర్పాలి. అలాంటివి మామూలుగా ఆఖరు పీరియడులో పెడతారు, పిల్లలు ఆవులిస్తారు, అందరూ ఇళ్లకు పోతారు. చిత్రంగా ఈ పాఠం పిల్లలకు ఎక్కింది. "ఎవరు చెప్పారు?" అనే ప్రశ్న వాళ్ల నోళ్లలో కొత్తగా మొలిచింది. హాస్టలు వార్డెన్‌ని అడిగారు. బస్సు కండక్టర్ని అడిగారు. ఒకమ్మాయి తనని చూడ్డానికొచ్చిన పెళ్లివారిని, కుర్రాడి ఉద్యోగం గురించి "ఈ మాట ఇంకెవరైనా చెబుతారాండీ?" అని అడిగిందట. ఇరవై ఏళ్లుగా చరిత్ర చెబుతున్నా కాత్యాయనికి ఇంత తృప్తి ఎన్నడూ కలగలేదు.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ కోదండపాణిగారు ఆమెను పిలిపించారు.

"కాత్యాయనిగారూ, త్వరలో తనిఖీ బృందం విచ్చేయుచున్నది. తమరు బోధించుచున్న విశ్వసనీయతా పాఠ్యాంశమునకు సంబంధించి నిదర్శనములు ఏమున్నవి?"

ఆయన ఇంట్లో భార్యతో కూడా ఇలాగే మాట్లాడతారని కాలేజీలో అనుకునేవారు.

"పిల్లలు బాగా ఆలోచిస్తున్నారండి. ప్రశ్నలు అడుగుతున్నారు."

"సంతోషము. ఆ ప్రశ్నలను ఫైలులో ఎట్లు పెట్టెదము?"

"ప్రశ్నలు పిల్లల నోళ్లలో ఉన్నాయండి," అంది కాత్యాయని.

"పిల్లలు ఆలోచించినారని మనము చెప్పిన, బృందము వారు ఎట్లు విశ్వసింతురు? కాలేజీ అన్నాక ఒక వ్యవస్థ ఉండవలెను. యోచించితిని." ఆయన బల్లమీది కాగితాన్ని రెండు వేళ్లతో ఆమె వైపు తోశారు. "ఇకపై ప్రాజెక్టులలో ఉదహరించు ప్రతి వెబ్‌సైటు పుటను ముద్రించి, గెజిటెడ్ అధికారిచే ధ్రువీకరింపజేసి జతపరచవలెను. పచ్చసిరా తప్పనిసరి."

"వెబ్‌సైటుకి పచ్చసిరా ఏవిటండీ? ఈ రోజుల్లో మార్కుల కాగితాలకే ఎవరి సంతకం వాళ్లు పెట్టుకుంటే సరిపోతోంది కదా?"

"అదియే సదవకాశము. ఆ పని తప్పినందున గెజిటెడ్ అధికారులు తీరికగా ఉన్నారు."

వాణీ కళాశాల ప్రైవేటుది. అక్కడ పచ్చసిరాతో సంతకం పెట్టే అర్హత ఎవరికీ లేదు. ఊళ్లో ఉన్న గెజిటెడ్ అధికారుల్లో తహసీల్దారు దొరకడు. దొరికినవాడు, మెత్తనివాడు, పైగా పాఠం చెప్పే మేడమ్‌గారి భర్త ప్రకాశరావు ఒక్కడే.

మర్నాటి నుంచి పశువుల ఆసుపత్రి ముందు రెండు వరసలు కట్టాయి. ఒకదాంట్లో గేదెలు, ఇంకోదాంట్లో డిగ్రీ మూడో సంవత్సరం. కాలేజీ నుంచి వస్తూ కాత్యాయని అటు తొంగి చూసేసరికి, ఆయన చెట్టుకింద కుర్చీ వేసుకుని జపాన్ ఆర్థిక వ్యవస్థ చదువుతున్నాడు.

"ఏవండీ డాక్టరుగారూ, మా గేదెకి జొరవండి. ఆ కాయితాలకి జొరం లేదు కదండీ, ముందు దీన్ని సూడండి బాబూ!" అని ఒక రైతు తలపాగా తీసి బతిమాలుతున్నాడు.

"ఉండవయ్యా, జపాన్ పరిస్థితి కూడా బాగున్నట్టు లేదు," అన్నాడు ప్రకాశరావు.

ఆయనకో జబ్బు ఉంది. చదవకుండా సంతకం పెట్టలేడు. రెండు వారాలు తిరిగేసరికి ఆయనకు మౌర్యుల పన్నులు తెలిశాయి, పట్టుపురుగుల జీవితం తెలిసింది. రాత్రి భోజనాల దగ్గర అవన్నీ ఇంట్లోవాళ్లకు చెప్పేవాడు. మాణిక్యమ్మ మౌర్యుల గురించి ఆసక్తిగా విని, "పాపం, అంత పన్నా?" అని నొచ్చుకునేది.

"ఇవన్నీ నిజమేనని సంతకాలు పెడుతున్నారా?" అని అడిగింది కాత్యాయని.

"నిజమో కాదో నాకేం తెలుసు? అటెస్టేషన్ అంటే నకలు అసలుకి సరిపోయిందని చెప్పడమే గానీ, అసలు సరైనదని చెప్పడం కాదు కదా. అయినా అసలు ఎక్కడో కంప్యూటర్లో ఉంది. నేను చూడలేదు."

"మరి ఏం రాస్తున్నారు?"

"నాకు తెలిసిందే రాస్తున్నాను. 'ఇది కాగితమని ధ్రువీకరించడమైనది.'"

కాత్యాయనికి పొలమారింది. ప్రిన్సిపాల్‌గారు మాత్రం చాలాకాలం ఆ వాక్యం చదవలేదు. సిరా రంగు చూసి ఎంతో సంతోషించి ఫైళ్లలో కట్టించారు. చివరికి ఎవరో చదివి వినిపిస్తే, మర్నాడే ఒక రబ్బరు స్టాంపు చేయించారు. అందులో "ఇందలి విషయము సత్యము" అని ఉంది. దాని కింద అధికారి సంతకం పెట్టాలి. ప్రకాశరావు పెట్టనన్నాడు. వరసలో ఉన్న పిల్లలు ఆ స్టాంపు కాగితాలు పట్టుకుని పక్క ఊళ్ల అధికారుల మీద పడ్డారు. ఎక్సైజు అధికారి ఒకాయన షేర్షా రోడ్లన్నిటినీ ఒక్క పూటలో సత్యం చేసి పంపేశారని చెప్పుకున్నారు.

అందరి ప్రాజెక్టులూ ఇలా పచ్చబడుతుంటే, మూడో సంవత్సరం చదివే ప్రవల్లికది ఒక్కటే మిగిలిపోయింది.

ఊరి చుట్టూ ఉన్నవన్నీ రొయ్యల చెరువులే. ప్రవల్లిక వాళ్ల నాన్నకూ రెండున్నాయి. పోయినేడు ఆయన ఒక వెబ్‌సైటు చూసి 'చెరువు సంజీవని' అనే మందు తెప్పించి చల్లాడు. రొయ్యలకు ఏ హానీ జరగలేదు, ఏ మేలూ జరగలేదు. ఆ కోపంతో కూతురు ఆ వెబ్‌సైటు మీదే ప్రాజెక్టు రాసింది. అందులో మందును మెచ్చుకున్న శాస్త్రవేత్తకు ఊరూ పేరూ లేవు. సాక్ష్యం చెప్పిన భీమవరం రైతు, నెల్లూరు రైతు ఒకే చొక్కాలో, ఒకే మొహంతో ఉన్నారు. మిగతా పిల్లలు వెబ్‌సైట్లలోంచి రాసుకొచ్చారు. ప్రవల్లిక వెబ్‌సైటును నిలదీసింది. కాత్యాయని ఆ కాగితాలు చదివినప్పుడల్లా, తను చెప్పిన పాఠం కళ్లముందు లేచి నడుస్తున్నట్టుండేది. ఆ అమ్మాయికి జర్నలిజం పీజీ ప్రవేశపరీక్షలో ర్యాంకొచ్చింది. ప్రాజెక్టు మార్కులు యూనివర్సిటీకి చేరితేనే డిగ్రీ, డిగ్రీ ఉంటేనే సీటు. మార్కులు ఎక్కించే లాగిన్ కాత్యాయనిదే గానీ, కాలేజీ ముద్ర పడనిదే ఎక్కించకూడదని ప్రిన్సిపాల్‌గారి ఆర్డరు. గడువు సోమవారంతో సరి.

కాత్యాయని ఆ ప్రాజెక్టు పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

"అవిశ్వసనీయమగు వెబ్‌సైటును ఉదహరించుట నిషిద్ధము," అన్నారు కోదండపాణిగారు.

"అది అవిశ్వసనీయమనే కదండీ ఈ పిల్ల రాసింది!"

"అటులైన, ముందుగా అది విశ్వసనీయమని ధ్రువపత్రము తెండు. తదుపరి అవిశ్వసనీయమని ఎంతైనను వ్రాసికొనవచ్చును. మాకు అభ్యంతరము లేదు."

ఆమె కాసేపు ఆయన మొహంలోకి చూసింది. ఆయన హాస్యమాడడం లేదు.

ఆ సాయంత్రం ఆమె తన అభిమానం చంపుకుని భర్త దగ్గర కూర్చుంది.

"ఆ ఒక్కదానికీ స్టాంపు కింద సంతకం పెట్టండి. పిల్ల సీటు పోతుంది."

"చెరువు సంజీవని సత్యమని నన్ను రాయమంటావా?"

"ఊరికే కాగితం మీదండీ."

"నువ్వేనా ఈ మాటంటున్నది?" అన్నాడాయన నవ్వుతూ. "పైగా రొయ్యలు నా శాఖ కాదు కాత్యాయనీ. నాలుగు కాళ్లుంటేనే నాది. దానికి ఎన్ని కాళ్లుంటాయో నాకు సరిగ్గా తెలీదు కూడా."

ఆమె సిగ్గుపడింది. సిగ్గుపడినట్టు కనబడనీయకుండా లేచి, ఆరిన బట్టలు మడతపెట్టుకుంది.

మర్నాడు ప్రిన్సిపాల్‌గారే ఒక మార్గం కనిపెట్టారు. ఒకరి మీద ఆరోపణ వచ్చినప్పుడు వారి సంజాయిషీ కోరడం న్యాయం. కాబట్టి వెబ్‌సైటుకు నోటీసు పంపాలి. "తమరు అవిశ్వసనీయులని మా విద్యార్థిని అభియోగము మోపినది. తమ విశ్వసనీయతను స్వయముగా హాజరై నిరూపించుకొనవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది" అని రాయించి, ఆ వెబ్‌సైటులోనే 'మమ్మల్ని సంప్రదించండి' అన్నచోట గుమాస్తా చేత వేయించారు.

గుమాస్తా చెయ్యి తీయకముందే జవాబు వచ్చింది. "మీ సందేశానికి ధన్యవాదాలు! మీ వంటి వారే మా బలం. మా ప్రతినిధి త్వరలో మిమ్మల్ని కలుస్తారు. మీ చెరువు ఎన్ని ఎకరాలు?"

కోదండపాణిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "యూనివర్సిటీ వారికి నేను వ్రాసిన లేఖకు సంవత్సరమైనను ప్రత్యుత్తరము లేదు. ఈ వెబ్‌సైటు చూడుడు, ఎంతటి బాధ్యత! ఎంతటి వినయము!" అని, చెరువు లేదని రాయడం మర్యాద కాదనిపించి, కాలేజీ స్థలం ఎంతో కనుక్కుని ఆ ఎకరాలు వేయించారు.

శుక్రవారం నాటికి కాలేజీ గేటుకు బ్యానరు కట్టారు: 'విచారణకు స్వయముగా విచ్చేయుచున్న తొలి వెబ్‌సైటుగారికి సాదర స్వాగతము.'

వెబ్‌సైటుగారు మోటారుసైకిలు మీద వచ్చారు. పేరు సోమరాజు. నలభై ఏళ్లుంటాయి, నవ్వు మొహం. వెనకసీటుకి మందుడబ్బా, క్యాలెండర్ల కట్ట తాళ్లతో కట్టి ఉన్నాయి. దిగీ దిగగానే చుట్టూ చూసి, "చెరువెక్కడుందండీ?" అన్నాడు. జవాబుగా ప్రిన్సిపాల్‌గారు ఆయన మెడలో పూలదండ వేసి వేదిక ఎక్కించారు. శాలువా కప్పారు. ఎన్‌సీసీ పిల్లలు సెల్యూట్ చేశారు. ముఖ్య అతిథిగా ప్రకాశరావును బలవంతాన తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టారు. సోమరాజుకు ఇలాంటి మర్యాద తన పెళ్లిలో కూడా జరగలేదని మొహంలోనే తెలుస్తోంది.

"విద్యార్థినులారా! మన ఆహ్వానమును మన్నించి వెబ్‌సైటుగారు మన మధ్యకు వచ్చినారు. ప్రశ్నించదలచినవారు ప్రశ్నించవచ్చును," అన్నారు ప్రిన్సిపాల్‌గారు. అని, ఫొటోగ్రాఫరుకు ఏ కోణంలో తీయాలో చెప్పడానికి వేదిక దిగారు.

ప్రవల్లిక లేచింది.

"సార్, చెరువు సంజీవని గొప్పదని మీ వెబ్‌సైటులో రాసిందెవరండి?"

"మేవేనమ్మా. మా గురించి పక్కోళ్లెందుకు రాత్తారండీ? ఎవరి గొప్ప ఆళ్లే సెప్పుకోవాలి కదండీ," అన్నాడు సోమరాజు హాయిగా.

"అందులో ఉన్న శాస్త్రవేత్త ఎవరండి?"

"మా బావమరిదండి. తెల్లకోటేత్తే బాగా పడతాడండి ఫొటోలో."

"ఆయనేం చదువుకున్నారు?"

"సదువుదేవుందమ్మా. ఆడికి ఫొటో స్టూడియో ఉందండి. అద్దె లేకుండా అయిపోయింది."

"మరి భీమవరం రైతు, నెల్లూరు రైతు?"

"ఆడేనండి. మీసం తీసేయించాలనుకున్నాం గానీ, మా సెల్లెలొప్పుకోలేదండి."

హాలు గొల్లుమంది. సోమరాజు కూడా నవ్వాడు. శాలువా సర్దుకుని, దాపరికం ఏమీ లేకుండా, ఆ మందు రొయ్యలకు హాని చెయ్యదని, అంతకు మించి ఏం చేస్తుందో తనకూ తెలియదని చెప్పాడు. కావలసినవాళ్లు క్యాలెండర్లు తీసుకెళ్లండన్నాడు. ప్రకాశరావు వేదిక మీద కళ్లనీళ్లు తుడుచుకుంటున్నాడు. కాత్యాయని గుండె తేలికపడింది. ఇక ప్రాజెక్టుకు అడ్డం ఏముంది? వెబ్‌సైటే ఒప్పుకుంది కదా!

అప్పుడు కోదండపాణిగారు వేదిక ఎక్కి మైకు పుచ్చుకున్నారు.

"సభకు నమస్కారము. పిలిచిన వెంటనే వచ్చి, అడిగిన ప్రతి ప్రశ్నకు ఏమాత్రము సంకోచింపక సమాధానమిచ్చిన ఈ వెబ్‌సైటుగారిని మించిన విశ్వసనీయత మరెక్కడ లభించును? కనుక 'చెరువు సంజీవని'ని మా కళాశాల ఆమోదిత విశ్వసనీయ వెబ్‌సైటుగా ప్రకటించుటకు మిక్కిలి సంతసించుచున్నాను!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది సోమరాజు.

సభ అయ్యాక ప్రిన్సిపాల్‌గారు కాత్యాయనిని వరండాలో ఆపారు.

"ఆ బాలిక ప్రాజెక్టు ముగింపును సవరింపజేయుడు. కళాశాల ఆమోదించిన వెబ్‌సైటును కళాశాల విద్యార్థినియే అవిశ్వసనీయమనుట విరుద్ధముగా ఉండును. సోమవారము లోపుగా సవరించిన, నేనే ముద్ర వేసెదను."

"ఆయన మీ ముందే ఒప్పుకున్నారు కదండీ, బావమరిది అని!"

"ఒప్పుకొనుటయే విశ్వసనీయతకు లక్షణము కదమ్మా," అన్నారాయన, ఎంతో ప్రేమగా. "అన్నట్లు, విశ్వసనీయతా కేంద్రమును ప్రారంభించుచున్నాము. సంచాలకురాలు మీరే. బోర్డు వ్రాయించుచున్నాను. ప్రశ్నలు అడుగు ఆ పీరియడు ఇక అవసరముండదు. వెబ్‌సైట్లను పిలిపించి సన్మానించుటయే మన పని."

స్టాఫ్ రూములో ప్రవల్లిక ప్రాజెక్టు ముందు పెట్టుకుని కూర్చుంది.

"మేడమ్, ఎంతసేపండి మార్చడం. ఆఖరి పేజీ తీసేసి, మంచి వెబ్‌సైటని రాసేస్తాను. సీటొచ్చేస్తుంది."

"నీకలాగే అనిపించిందా? మంచి వెబ్‌సైటని?"

"మంచాయన మేడమ్," అంది ప్రవల్లిక నవ్వబోయి. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "మా నాన్న ఇది చదివారండి. నువ్వు నాకు ముందే ఎందుకు చెప్పలేదే అన్నారు. ఇప్పుడు మార్చానంటే ఆయనకేం చెప్పాలో తెలీడం లేదు." పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

కాత్యాయని ఆ పిల్ల చేతిలోంచి పెన్ను తీసుకుంది. నెలల తరబడి 'ఎవరు చెప్పారు' అని అడగమని తనే నేర్పింది. అడిగిన పిల్ల ఇవాళ ఆ ప్రశ్నను తన చేత్తో తనే కొట్టేసుకోబోతోంది. ఇక ఈ పిల్ల ఏ పత్రికలో చేరి ఏం రాస్తుంది?

"ప్రాజెక్టు ఇక్కడ పెట్టి ఇంటికెళ్లు. ఒక్క అక్షరం మార్చకు," అంది.

"ప్రిన్సిపాల్ సార్..."

"ఆయన సంగతి నేను చూసుకుంటాను. వెళ్లు తల్లీ, బస్సు వెళ్లిపోతుంది."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇల్లంతా సోమరాజుతో నిండిపోయింది. ప్రకాశరావు ఆయన మాటల్ని ఆయన గొంతుతోనే అభినయిస్తున్నాడు. "మీసం తీసేయించాలనుకున్నాం గానీ" అన్నచోట హారిక పడీ పడీ నవ్వింది. మాణిక్యమ్మకు ఆ బావమరిది మీద జాలి కలిగింది.

"అన్ని వేషాలు వేయించి, వాడికేమైనా ఇచ్చారో లేదో! శాలువా మాత్రం ఈయనగారు కప్పించుకున్నాడు."

"నాన్న క్యాలెండర్ తెచ్చారు నాన్నమ్మా, బావమరిది బొమ్మ కూడా ఉంది. చూస్తావా?" అంది హారిక.

"మీ అమ్మకి బోర్డు కూడా పెడుతున్నారు తెలుసా?" అన్నాడు ప్రకాశరావు కూతురితో. "సంచాలకురాలు! ఇక మన ఇంటికి రోజుకో వెబ్‌సైటు భోజనానికొస్తుంది."

"వస్తే రానీ, సోమరాజులాంటివాళ్లయితే నాకూ పొద్దుపోతుంది," అంది మాణిక్యమ్మ. "జీతం కూడా పెంచుతారా?"

కాత్యాయని అందరికీ పెరుగు వేసింది. తను కూడా కూర్చుని, కంచంలో వేలితో పెరుగు కలుపుతూ, ఉప్పు అడిగినంత మామూలుగా అంది:

"బోర్డు మీద నా పేరు వద్దని చెప్పేసి వచ్చాను. ప్రవల్లిక ప్రాజెక్టు ఉన్నదున్నట్టు, మార్కులు వేసి, నా లాగిన్‌తో యూనివర్సిటీకి పంపించేశాను. పచ్చసంతకం లేదు, కాలేజీ ముద్ర లేదు. ఇందులో ఉన్నదంతా నేను చదివాను, సరిచూశాను, తప్పని తేలితే నన్నడగండి అని రాసి, కింద నా పేరు, ఫోన్ నంబరు వేశాను. సోమవారం కాలేజీలో గొడవవుతుంది. అయినా పీరియడు మానను, క్లాసు ఇవ్వకపోతే కాలేజీ మెట్ల మీద కూర్చోబెట్టి చెబుతాను. మీ అందరికీ ముందే చెబుతున్నాను."